తోప్ కా సాంచా మొదలు నేటి గుఱి దాక

హైదరాబాదులోని ఆబిడ్సు కూడలి నుండి బషీర్‌బాగ్ వైపు సాగు బాటలో గన్‌ఫౌండ్రీ యను పేరు బస్సు కండక్టరుల కేకలలోను, బ్యాంకుల చిరునామాలలోను నిత్యము వినబడుచునే యున్నది. కాని ఆ పేరునకు మూలమైన తోప్ కా సాంచా, అనగా ఫిరంగుల పోత కార్ఖానా, ఫతే మైదానమునకు సమీపముననే కలదని యెఱిగినవారు అరుదు. నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో దానిని నెలకొల్పెను. ప్రజలచే మూసా రాముడని, మూసా రహీమని ఆత్మీయముగా పిలువబడిన యాతడు 1798 మార్చిలో కన్నుమూయగా, ఆ యక్టోబరులోనే ఆంగ్లేయులు అతని పటాలములను నిరాయుధములను గావించిరి. దూరలక్ష్యమును ఛేదించుటకు ఎంత బోరు, అనగా గొట్టపు లోపలి వెడల్పు, గల రైఫిలు తగునని నేటి యువకులు అడుగు ప్రశ్నకు సమాధానము వెదకువాడు ఆ కార్ఖానా కాలమునుండియే బయలుదేరుట మేలు; ఏలనన, బోరు పెద్దదైనకొలది ఆయుధము గొప్పదను నమ్మకము రాజ్యమేలిన కాలమది.

ఆనాడు ఫిరంగికి పేరు దాని గుండు బరువును బట్టియే వచ్చెడిది. ఆఱు పౌన్ల గుండును విసరునది ఆఱు పౌన్ల ఫిరంగి. సిపాయి చేతి తుపాకియు ఆ కొలతకు దూరమైనది కాదు. ఆంగ్లేయుల మస్కెట్ బోరు అంగుళములో ముప్పాతిక వంతు, ఫ్రెంచివారిది 0.69 అంగుళము. గొట్టము లోపల గాడులు లేని నున్ననిది. అందు వదులుగా దిగిన గుండ్రని సీసపు గుండు ప్రక్కలకు తగులుచు బయల్వెడలి, తుదకు ఏ వైపు ఒరసి వీడునో ఆ వైపునకే మరలెడిది. నూఱు గజములు దాటిన పిమ్మట ఒక్క మనుష్యుని గుఱిచూచి కొట్టుట అదృష్టమే గాని విద్య కాదు.

పెద్ద బోరే గొప్పదను నమ్మకమును కూల్చినవాడు జోసెఫ్ విట్‌వర్త్ అను ఆంగ్ల యంత్రశిల్పి. 1857 ఏప్రిలులో ఇంగ్లండునందలి హైత్ శిక్షణశాలలో, 0.577 అంగుళముల బోరు గల సైన్యపు ఎన్‌ఫీల్డ్ రైఫిలుతో అతడు తన 0.451 అంగుళముల రైఫిలును పోటీకి నిలిపెను. రెండింటి తూటాల బరువును 530 గ్రెయిన్లే. మందు సైతము ఇంచుమించు సమానమే. ఐననేమి, ఐదు వందల గజముల దూరమున ఎన్‌ఫీల్డ్ సగటు వ్యత్యాసము 27 అంగుళములు కాగా, విట్‌వర్త్‌ది నాలుగున్నర మాత్రమే! అదే సీసమును సన్నని బోరులో పోసినచో తూటా నిడివి పెరుగును; నిడివియైన తూటా నిలకడగా పోవుటకు వేగముగా తిరుగవలయును; కావుననే ఎన్‌ఫీల్డ్ గాడులు 78 అంగుళములకొక చుట్టు తిరుగగా, విట్‌వర్త్ వానిని 20 అంగుళములకే త్రిప్పెను. సన్నని బోరు త్వరగా మసిబారుననియు, వ్యయమధికమనియు సైన్యము దానిని త్రోసిపుచ్చినది. మూడు నెలలు గడచి జులై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వమున జనులు హైదరాబాదున కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై విరుచుకుపడిరి. ఆ యేటి సిపాయిల తిరుగుబాటునకు నిప్పంటించిన కొవ్వు పూసిన తూటాలు ఆ 0.577 ఎన్‌ఫీల్డ్ కొఱకు చేయబడినవే.

వడిసెల రాయి ఎంత బలముగా విసరినను గాలికి లొంగును. సన్నని బాణము గాలిని చీల్చుకొని పోవును. దూరలక్ష్యమునకు బోరు నెన్నుకొనుటలోని మర్మమంతయు ఇదియే. 1874 సెప్టెంబరు 26న న్యూయార్కు చెంతనున్న క్రీడ్‌మూర్ మైదానమున 800, 900, 1000 గజముల దూరములనుండి ఐర్లండు, అమెరికా జట్లు పోటీపడగా, అమెరికనులు 934 పాయింట్లతో, మూడే పాయింట్ల ఆధిక్యముతో గెలిచిరి. 2007లో వెలువడి, దూరగుఱిలో నేడు విశేషాదరము గాంచిన 6.5 మిల్లీమీటర్ల తూటా ఆ మైదానము పేరునే ధరించినది.

అయితే వేటకు తగిన బోరు వేఱు, గుఱిపందెమునకు తగిన బోరు వేఱు. ఆఱవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రసిద్ధుడైన వేటకాడు. దగ్గఱనుండి మీదకు దుముకు పులిని ఆపుటకు బరువైన తూటాయే శరణ్యము. ఆయన కాలముననే బోరు ఎంపికలోనికి చట్టమును ప్రవేశించెను. ఆయుధములు దొంగిలించిన తిరుగుబాటుదారులకు మందుగుండు అందునను భయముతో బ్రిటిషు ప్రభుత్వము 1907లో ఇండియాలో 0.450 బోరును నిషేధింపగా, తయారీదారులు 0.465, 0.470 బోరులను ఆశ్రయించిరి. సైన్యపు త్రీ నాట్ త్రీ పౌరులకు దక్కకపోవుటచేతనే 0.315 బోరు మనదేశమున వ్యాపించినది; నేటికిని మన లైసెన్సు పత్రములపై నిషిద్ధ బోరు, అనిషిద్ధ బోరు అను విభజన కానవచ్చుచున్నది.

కావున నవసాధకుడు మొదట చూడవలసినది తాను కొట్టబోవు దూరము, తరువాత చట్టము అనుమతించు బోరు, అటుపిమ్మట నిత్యాభ్యాసమునకు దొరకు తూటాలు. ఐదు పదుల మీటర్లకు పాయింట్ ట్వంటీటూ చాలును. అది ధ్వనివేగమునకు లోబడి నడచునదైనను, పదిపాయింట్ల వలయము 10.4 మిల్లీమీటర్లే గనుక సాధకుని శ్వాసను సైతము పరీక్షించును. వేయి గజములకు పోవలెనన్న, 6.5 మిల్లీమీటర్ల బోరు గల నిడివియైన తూటా, తనకంటె లావైన పాయింట్ త్రీ నాట్ ఎయిట్ కంటె గాలికి తక్కువ చలించును, భుజమునకు తక్కువ దెబ్బనిచ్చును. పాయింట్ త్రీ నాట్ ఎయిట్ గొట్టము మాత్రము అధికకాలము మన్నును. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచుపతకము సాధించినది పది మీటర్ల దూరమున, నాలుగున్నర మిల్లీమీటర్ల గుళికలతోనే. ఎదుట అర మిల్లీమీటరు చుక్కయే పదిపాయింట్ల గుఱి.

లావు బలము కాదనుట విట్‌వర్త్ నేర్పిన పాఠము. బలము కంటె స్థైర్యము గొప్పదనుట గుఱివిద్య నేర్పుచున్న ధర్మము. ఫిరంగులు పోసిన గోడలు నాంపల్లికి కూతవేటు దూరమున నేటికిని ఉన్నవి గనుక, వానిని కాపాడి, ఆ చరిత్రను పాఠశాలల బాలబాలికలకు చూపించుట మన విధి. ఆయుధము ఎటుల పుట్టినదో తెలిసినవాడే దానిని సంయమముతో చేపట్టగలడు.