హార్డ్‌నెస్ టెస్టర్‌కు ప్రమాణం: టెస్ట్ బ్లాక్

సంతలో కాటా సరిగా ఉన్నదో లేదో ముద్ర వేసిన తూకపురాయి తేలుస్తుంది. లోహపు గట్టిదనాన్ని కొలిచే హార్డ్‌నెస్ టెస్టర్‌కు అటువంటి తూకపురాయి టెస్ట్ బ్లాక్. ఇది ఒకవైపు నున్నగా మెరుగుపెట్టిన ఉక్కు దిమ్మ. దాని కాఠిన్యాన్ని ప్రయోగశాలలో అయిదు చోట్ల కొలిచి, సగటును ధ్రువపత్రంలో నమోదు చేస్తారు.

అరసికెరె పరిసర గ్రామాల రైతులకు కాఠిన్యమంటే తెలియనిది కాదు. కర్రును కమ్మరి కొలిమిలో కాల్చి, నీట ముంచి గట్టిపరుస్తాడు. ఆకురాయి జారితే గట్టిపడినట్లు, కొరికితే మెత్తనిదన్నట్లు. మరీ గట్టిదైతే రాతినేలలో విరుగుతుంది, మెత్తనిదైతే నాలుగు చాళ్లకే మొద్దుబారుతుంది. కార్ఖానాలో ఆ తీర్పును యంత్రానికి అప్పగించారు. హిందూపురం, తుమకూరు, బెంగళూరు పీణ్యలకు పనికి వెళ్లే యువకులకు ఈ యంత్రం ఎదురుపడుతూనే ఉంటుంది.

స్వీడన్ దేశీయుడు బ్రినెల్ 1900లో గట్టి ఉక్కు గుండును లోహంపై నొక్కి, పడిన గుంటను కొలిచే పద్ధతిని ప్రకటించాడు. అమెరికాలో రాక్‌వెల్ పేరుగల ఇద్దరు గుంట లోతునే నేరుగా చూపే యంత్రానికి 1919లో పేటెంటు పొందారు. గట్టి ఉక్కుకు వాడే రాక్‌వెల్ సి కొలతలో వజ్రపు మొనను మొత్తం 150 కిలోల భారంతో నొక్కుతారు. ఒక్కొక్క అంకె 2 మైక్రాన్ల లోతుకు సమానం. మూడంకెల తేడా అంటే 6 మైక్రాన్లే. తలవెంట్రుక మందంలో పదోవంతు పాటి. మొన కొద్దిగా చిట్లినా, పీఠం కింద ఇనుపరజను చేరినా అంత తేడా రావచ్చు. అప్పుడు మంచి సరుకు తిరస్కారానికి గురవుతుంది, లేదా పెళుసు సరుకు బయటికి పోతుంది. తప్పు యంత్రానిదైనా, మాట పడేది దాని ముందు నిలిచిన కార్మికుడే.

అందుకే యంత్రం వాడే ప్రతిరోజూ పని మొదలుపెట్టేముందు బ్లాక్‌పై పరీక్షించాలి. కొలవబోయే సరుకు కాఠిన్యానికి దగ్గరగా ఉన్న బ్లాక్‌నే ఎంచుకోవాలి. 60 గల సరుకుకు 30 బ్లాక్ సాక్ష్యం చెల్లదు. మొన మార్చిన తరువాత పడే మొదటి గుంటలను లెక్కలోకి తీసుకోరాదు.

బ్లాక్ అరిగిపోని వస్తువని అనుకోవడం పొరపాటు. మెరుగుపెట్టిన ముఖంపైనే నొక్కాలి, వెనుకవైపు కాదు. పాత గుంట చుట్టూ లోహం బిగుసుకుపోయి ఉంటుంది గనుక, రెండు గుంటల కేంద్రాల నడుమ గుంట వ్యాసానికి కనీసం మూడింతల ఎడం విడవాలి. చోటు నిండిన బ్లాక్‌ను సానపట్టి మళ్లీ వాడడం కొన్ని చోట్ల కనిపించే పొదుపు. సానపట్టిన క్షణమే ధ్రువపత్రం చెల్లకుండా పోతుంది. దీనిని పట్టుకోవడానికే బ్లాక్ మందాన్నిగానీ, పైముఖాన ఒక గుర్తునుగానీ వేసి ఉంచుతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉక్కు బ్లాక్‌కు కాలపరిమితి 5 ఏళ్లు. మన దేశంలో మూల ప్రమాణాలను ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నిర్వహిస్తుంది.

ధ్రువపత్రంలో 60 ఉన్న బ్లాక్‌పై యంత్రం 57 చూపితే వెంటనే పని ఆపాలి. పీఠం తుడిచి, మొనను భూతద్దంతో పరిశీలించి, మరల నొక్కాలి. తేడా నిలిచి ఉంటే, కిందటి సరైన పరీక్ష మొదలు అప్పటివరకు కొలిచిన సరుకంతటినీ తిరిగి కొలవాలి. ఏ రోజు ఏ బ్లాక్‌పై ఎంత వచ్చిందో పుస్తకంలో రాసిపెట్టుకున్న చోట ఆ సరుకు ఒక పూటది, మహా అయితే ఒక రోజుది. రాయని చోట ఎన్ని రోజులదో చెప్పలేరు.