కాశీమజిలీ కథలు: మరల చదువగా

బాల్యమున ప్రాణప్రదమైన గ్రంథమును వార్ధక్యమున తిరిగి తెరచుట ఒక పరీక్ష. ఆ పరీక్ష గ్రంథమునకో, పాఠకునికో చెప్పుట కష్టము. ఇటీవల అమలాపురములోని మా పాతయింటి అటకమీద, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల సంపుటములు కొన్ని దొరకినవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిదప కోనసీమకు కాలువలే రాజమార్గము లైనవి. మా తాతగారు ఈ పుస్తకములను రాజమహేంద్రవరమున కొని పడవమీద తెచ్చిరని ఇంటిలో చెప్పుకొనెడివారు.

పండ్రెండు భాగముల ఆ గ్రంథములో చిన్ననాడు నన్ను కట్టివేసినవి గంధర్వులు, యక్షిణులు, శాపవశమున విడిపోయి జన్మాంతరమున కలిసికొను ప్రేయసీప్రియులు. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమునకు మూలము ఈ కథలలోనిదే యని వినినప్పుడు, మా యింటి సొత్తు తెరకెక్కినట్లు పొంగిపోతిమి.

ఇప్పుడు చదువగా ఆ మోహము కొంత సడలినది. తొలిచూపుననే వలచు రాకుమారులు ఒకరినొకరు పోలియున్నారు. శాపమునకు విమోచనము తప్పదని ముందే తెలిసిపోవుచున్నది. కాని చిన్ననాడు నేను దాటవేసిన భాగ మొకటి నేడు నన్ను నిలువరించినది. అది ప్రయాణము.

మణిసిద్ధుడు కాశికి కాలినడకను పోవలెను, తోడు కావలెను. పశువుల కాపరి యగు ఒక బాలుడు వచ్చుట కంగీకరించెను, కాని ఒక నియమము పెట్టెను. త్రోవలో తాను చూచిన వింతకెల్ల కారణము చెప్పవలెను. నాటినుండి ప్రతి మజిలీయందు బాలుడు ఊరు చూచివచ్చి ప్రశ్నించును. గురువు తనకు లభించిన మణి మహిమచే సంగతి గ్రహించి కథ చెప్పును. అనగా ఆ కథలు దయతో నిచ్చిన దానము కావు. నడచిన కాళ్లకు చెల్లించిన కూలి.

అట్టి యాత్ర కల్పన మాత్రము కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మదరాసునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. పల్లకీలు, పరివారము కల ఆయనకే పదునైదు మాసములు పట్టినది. ఆయన మజిలీలను దినచర్యగా వ్రాసి యుంచుటచే నాటి త్రోవలు మనకు తెలియుచున్నవి. అటుపిమ్మట రైలు వచ్చినది. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన పూర్తియైనది. మదరాసు కలకత్తాల నడుమ బండ్లు నదిని దాటసాగినవి. దీక్షితులుగారి జీవితకాలముననే కాశికి నడక అనవసరమైనది. ప్రయాణము సులభమైనది; మజిలీ మాయమైనది. మాయమగుచున్న ఆ మజిలీలను ఆయన కాగితముపై నిలిపినారు. వయసు మీరిన నాకు గంధర్వలోకముకంటె ఆ సంజవేళ, ఆ చెట్టునీడ, ఆ ప్రశ్నయే అద్భుతముగా తోచినవి.

ఒకనాటి రాత్రి మనుమరాలికి తొలి మజిలీ చదివి వినిపించితిని. గంధర్వుని గూర్చి అడుగునని యెదురుచూచితిని. ఆమె, "తాతయ్యా, అంతదూరము నడచి ఆ అబ్బాయి అలసిపోలేదా?" అని యడిగినది. ఇన్ని సంవత్సరములలో నాకు తోచని ప్రశ్న యది.

"అలసినాడమ్మా. అందుకే మజిలీ, మజిలీ ఉన్నది గనుకనే కథ" అంటిని.

మరునాడు దీపములవేళ ఆమెయే పుస్తకము తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈరోజు వాళ్లు ఏ ఊరు చేరతారు?" అనినది.