శిక్ష ముగిసిన తరువాత: ఒక సామాజిక ప్రయోగ చరిత్ర

లైంగిక నేరాల నిరోధం అనగానే మనకు చట్టాలే గుర్తుకు వస్తాయి. మన దేశంలో ఆ చట్టాలు ప్రజాపోరాటాల ఫలితం. 1978లో హైదరాబాదును కుదిపిన నల్లకుంట పోలీసు స్టేషను ఉదంతం, మధుర కేసు తీర్పుపై 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ 1983 నాటి చట్ట సవరణకు దారితీశాయి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2013లో శిక్షలు మరింత కఠినమయ్యాయి. అయితే శిక్ష ముగించుకొని వచ్చిన వ్యక్తి మళ్లీ అదే నేరం చేయకుండా చూసేదెవరు?

ఈ ప్రశ్న 1994లో కెనడాలోని హామిల్టన్ నగరానికి ఎదురైంది. పిల్లలపై పలుమార్లు నేరాలు చేసిన ఒక వ్యక్తి పూర్తి శిక్ష అనుభవించి విడుదలయ్యాడు. ప్రజలు భయపడ్డారు, నిరసన తెలిపారు. పోలీసులు నిఘా పెట్టారు. అప్పుడు హ్యారీ నై అనే క్రైస్తవ మతబోధకుడు కొందరు స్థానికులను కూడగట్టి అతని చుట్టూ ఒక బృందాన్ని ఏర్పాటు చేశాడు. 'సహాయ, జవాబుదారీ వలయాలు' అనే పద్ధతికి అదే నాంది.

ఈ వలయంలో సాధారణంగా నలుగురి నుండి ఏడుగురి వరకు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు ఉంటారు. నేరస్థుణ్ణి తరచుగా కలుస్తారు. ఇల్లు, పని వెతుక్కోవడంలో తోడ్పడతారు. అతని నడవడికను సూటిగా ప్రశ్నిస్తారు. ప్రమాద సూచనలు కనిపిస్తే అధికారులకు తెలియజేస్తారు. ఒంటరితనం, రహస్య జీవనం నేరానికి తిరిగి దారితీస్తాయన్నది ఇక్కడ గుర్తించిన సత్యం. 2002లో ఈ పద్ధతి బ్రిటన్‌కు చేరింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిపిన తులనాత్మక అధ్యయనంలో, వలయంలో చేరినవారు మళ్లీ లైంగిక నేరాలపై అరెస్టు కావడం గణనీయంగా తగ్గినట్లు తేలింది.

దీనిని మన పల్లెల్లో పెద్దలు కుదిర్చే రాజీతో పోల్చరాదు. రాజీ నేరాన్ని కప్పిపుచ్చి, బాధితురాలి నోరు నొక్కుతుంది. అత్యాచార కేసులలో రాజీ కుదిరిందన్న కారణంతో శిక్ష తగ్గించరాదని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. వలయం న్యాయస్థానానికి ప్రత్యామ్నాయం కాదు. శిక్ష తరువాత మొదలయ్యే కాపలా.

మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసులలో అత్యధిక భాగం బాధితులకు తెలిసినవారు చేసినవే. అంటే నేరస్థుడు ఎక్కడి నుండో రాడు. మన ఇంటి నుండి, మన వీధి నుండి వస్తాడు. కాబట్టి అతణ్ణి దాచడమూ కాదు, తరిమివేయడమూ కాదు, అతనిచేత జవాబు చెప్పించడమే సమాజ బాధ్యత అని ఈ చరిత్ర మనకు బోధిస్తున్నది.