లేక్‌వ్యూ (చికాగో)

లేక్‌వ్యూ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని చికాగో నగరపు ఉత్తర భాగమున, మిచిగాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పేట. నగరంలోని 77 అధికారిక ప్రాంతాలలో ఇది 6వది. దీనికి ఉత్తరమున అప్‌టౌన్, దక్షిణమున లింకన్ పార్క్ పేటలు, తూర్పున సరస్సు కలవు. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 1,03,000. ఇతర చోట్ల ఆదరణ కరవైన పలు వర్గాలవారు వేర్వేరు కాలాలలో ఇక్కడ స్థిరపడినారు.

చరిత్ర

ఇది పూర్వం పొటవాటమి మొదలగు ఆదివాసుల భూమి. 1837లో స్విట్జర్లాండు దేశీయుడైన కాన్రాడ్ సుల్జర్ ఇక్కడ స్థిరపడెను. 1854లో ప్రారంభమైన 'లేక్ వ్యూ హౌస్' అను హోటలు నుండి ఈ పేరు వచ్చినది. 1857లో టౌన్‌షిప్‌గా, 1887లో నగరంగా ఏర్పడి, 1889లో చికాగోలో విలీనమైనది. జర్మన్ రైతులు ఇక్కడ సెలరీ ఆకుకూరను విస్తారంగా పండించేవారు. 1871 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత చికాగోలో కొయ్య ఇళ్ళపై ఆంక్షలు విధించగా, నగరపు ఎల్లకు వెలుపలనున్న లేక్‌వ్యూలో శ్రామికులు చవకగా కొయ్య ఇళ్ళు కట్టుకొనగలిగిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిర్బంధ శిబిరాలలో ఉంచబడిన జపాన్ సంతతి అమెరికనులు అనేకులు విడుదలైన పిదప చికాగో చేరినారు. వారిలో కొందరు కాలక్రమమున క్లార్క్, బెల్మాంట్ వీధుల పరిసరాలలో స్థిరపడి దుకాణాలు నెలకొల్పిరి.

హాల్‌స్టెడ్ వీధి

1970వ దశకంలో అద్దెలు తక్కువగా ఉండుటచే స్వలింగ ప్రేమికులు ఉత్తర హాల్‌స్టెడ్ వీధి పరిసరాలకు చేరసాగిరి. ఈ భాగానికి 'బాయ్స్‌టౌన్' అను వాడుక పేరు ఏర్పడినది. 1998లో నగర పాలక సంస్థ వీధి పొడవునా ఇంద్రధనుస్సు రంగుల స్తంభాలను నిలిపినది. 2007లో 'సెంటర్ ఆన్ హాల్‌స్టెడ్' అను సేవా కేంద్రం ప్రారంభమైనది. 2012లో ఆ స్తంభాలపై, ఈ వర్గపు చరిత్రలోని ప్రముఖులను స్మరించు కంచు ఫలకాలు అమర్చబడినవి.

పేరుపై వివాదం

'అబ్బాయిల ఊరు' అను అర్థమిచ్చు ఆ పేరులో స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు చోటు లేదని కొందరు ఆక్షేపించిరి. అది పేట చరిత్రలో భాగమని మరికొందరు వాదించిరి. 2020లో స్థానిక వర్తక సంఘం తన ప్రచారంలో ఆ పేరును విడిచి 'నార్త్‌హాల్‌స్టెడ్' అను పేరును స్వీకరించినది. వాడుకలో పాత పేరు నిలిచియే ఉన్నది.

చూడదగిన ప్రదేశాలు

* రిగ్లీ ఫీల్డ్: 1914లో ప్రారంభమైన బేస్‌బాల్ మైదానం. 1988 వరకు ఇక్కడ దీపాల వెలుగులో క్రమం తప్పని రాత్రి పోటీలు జరుగలేదు.
* ఎయిడ్స్ గార్డెన్: స్వలింగ ప్రేమికులు దశాబ్దాల పాటు కలుసుకొనిన 'బెల్మాంట్ రాక్స్' అను సరస్సు ఒడ్డున, ఎయిడ్స్ వలన మరణించినవారి స్మృతికై 2022లో ప్రారంభించిన ఉద్యానవనం.