అరణ్య గణనము

అడవిలో టేకుచెట్లెన్ని యున్నవో తెలియక, ఏటికెన్నింటిని కొట్టవచ్చునో చెప్పగలమా? 1856లో బర్మాలోని పెగూ అడవులకు అధికారిగా వచ్చిన డీట్రిక్ బ్రాండిస్ ఎదుట నిలిచిన ప్రశ్న యిదియే. ఆయన జర్మను దేశస్థుడు. బాన్ నగరమున వృక్షశాస్త్రము బోధించినవాడు. అంతకు నాలుగేండ్ల ముందే పెగూ ఆంగ్లేయుల వశమైనది. పొరుగుననున్న టెనాసెరిమ్‌లోని టేకును కలపవర్తకులు అప్పటికే అదుపులేక నరికివేసియుండిరి. పెగూకును ఆ గతియే పట్టునేమో యని భయము.

చెట్టుచెట్టును లెక్కించుటకు ఆయువు చాలదు. కావున బ్రాండిస్ ఏనుగునెక్కి అడవులగుండ పోవుచు, దారికి ఇరుప్రక్కల కనబడిన టేకును మాత్రమే లెక్కించెను. ఆ లెక్క వ్రాసిన తీరు ముచ్చటయైనది. చుట్టుకొలతనుబట్టి చెట్లను నాలుగు తరగతులు చేసి, తరగతికొక వెదురుముక్క చొప్పున పట్టుకొని, చెట్టు కనబడినప్పుడెల్ల తగిన ముక్కపై చాకుతో గాటు పెట్టెడివాడు. పాలలెక్కకు గోడపై సున్నపుబొట్లు పెట్టు మన ఇల్లాండ్రకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు.

6 అడుగుల చుట్టుకొలత గలవి మొదటి తరగతి. రెండవ తరగతి చెట్టు అంత లావగుటకు 24 సంవత్సరములు పట్టునని అంచనావేసి, మొదటి తరగతి చెట్లలో ఏటికి 24వ వంతుకు మించి నరుకరాదని ఆయన నిర్ణయించెను. రంగూను వర్తకులకిది రుచింపలేదు.

అయినను ఆ గాట్లలో టేకు తప్ప వేరుచెట్టు లేదు. ఆ కొండలలో పోడు సేద్యముతో బ్రదుకు కరెన్ జనులకు అడవి యేమగునో ఆ లెక్క చెప్పదు. ప్రభుత్వమునకు కావలసినది టేకు. లెక్కకు వచ్చినదియు టేకే. ఈ లోపమును చిన్నదిగా నెంచరాదని మా అభిప్రాయము.

గణితమునకు సంబంధించిన చిక్కు వేరొకటి కలదు. ఏనుగు నడువగల చోటు అడవియంతటికి ప్రతినిధి యగునా? ఆ చోటినిబట్టి మొత్తము నూహించినచో తప్పెంత యుండును? దానిని కొలుచు సాధనము బ్రాండిస్ కాలమున లేదు. 1919లో నార్వే, పిమ్మట ఫిన్లాండు, స్వీడను దేశములు సమదూరమున రేఖలు పట్టి దేశమంతటి అడవిని కొలువసాగినప్పుడు ఈ ప్రశ్నను తప్పించుకొన వీలులేకపోయెను. సారవంతమైన నేలపై పెద్దచెట్టు సరసన పెద్దచెట్టే యుండును. రాతినేలపై గిడసబారినవన్నియు నొక్కచోటనే కనబడును. కనుక దగ్గరదగ్గరగా తీసిన నూరు నమూనాలు నూరు వేరువేరు సాక్ష్యములు కావు. ఒకే యింటివారు చెప్పిన సాక్ష్యము వంటివి. దూరము పెరిగినకొలది ఈ పోలిక యెట్లు తగ్గునో సూత్రబద్ధము చేసినవాడు స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్టిల్ మాటెర్న్. ఆయన గ్రంథము 1960లో వెలువడెను. ఆయన పేరిట వెలసిన సూత్రము నేడు అడవులకే గాక వానల లెక్కకును, నేలల పరీక్షకును అక్కరకు వచ్చుచున్నది. అటవీశాస్త్ర విద్యార్థి నమూనాలెన్ని తీయవలెనని యడుగుటకు ముందు, అవి యెంతెంత దూరమున నుండవలెనని యడుగుట నేర్చినది ఇటువంటి కృషి వలననే.

మన దేశమున 1981లో నెలకొన్న భారత అటవీ సర్వేక్షణ సంస్థ, 1987 మొదలు ఉపగ్రహ చిత్రముల సాయముతో నివేదికలు ప్రకటించుచున్నది. ఆ చిత్రములలో ఆకుల పందిరి కనబడునే గాని మ్రాను చుట్టుకొలత కనబడదు. అందులకు నేటికిని మనిషి చెట్టుకడకు పోయి, నేలనుండి 1.37 మీటర్ల యెత్తున టేపు చుట్టవలసినదే.