మూడు కట్టడలు

ఒంగోలు సంఘ చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల మనవారు ముందుగా చెప్పునది ఒక లెక్క. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అది గొప్ప దినమే. గాని దానికి ముందు పండ్రెండేండ్లు జరిగిన సంగతి అంతగా ఎవరును చెప్పుకొనరు. నా మట్టుకు అదియే ఎక్కువ విలువగలదని తోచుచున్నది.

1866లో అమెరికను బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. ఆ యేటనే యెర్రగుంట్ల పేరయ్యగారును ఆయన భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. పేరయ్యగారు మాదిగ కులస్థులు, తోలు వర్తకులు. అంతకుముందే గురువుల నాశ్రయించి యోగము నేర్చి దేవుని వెదకినవారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

పల్లెలలో క్రొత్తగా నమ్మినవారికి క్లౌ దొరగారు ఏర్పరచిన కట్టడలు మూడే. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. వేదాంత పాఠశాలలో చదివిన మావంటివారికి ఇది మరీ చిన్న పాఠముగా కనబడవచ్చును. చదువురాని కూలివానికి అది చిన్నది కాదు.

ఊరిలో చచ్చిన పశువు మాదిగవారిది. దాని తోలుతో చెప్పులును, నీరు తోడు తోలు బానలును చేసి ఊరికి ఇయ్యవలెను. మాంసము వారి ఆహారము. దానిని మానుట యనగా పిల్లల కంచములో నుండి తీసివేయుటయే. ఆదివారము పని మానుట యనగా కోతల దినములలో ఆసామితో రానని చెప్పుట; కళ్లములో వచ్చు గింజలను పోగొట్టుకొనుట. విగ్రహారాధన మానినవాడు గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడు. తరతరముల ఊరి ఊడిగమును కాదన్నవానిని ఊరు ఊరకుండనిచ్చునా? ఈ మూడును నోటితో ఒప్పుకొని ముగించు సంగతులు కావు. వారము వారము, పూట పూట మరల ఒప్పుకొనవలసినవి. గుణము కట్టబడినది అక్కడనే. పండ్రెండేండ్లలో అందరును నిలిచిరని నేననను. నిలిచినవారు మాత్రము ఎదిగిరి.

1876లో కరవు వచ్చెను. 1878 వరకు చెన్నపట్టణపు రాజధానిలో లక్షలమంది చనిపోయిరి. పశువులు ఎక్కడివక్కడ కూలుచుండెను. ఆ రెండవ కట్టడ ఆ యేట ఎంత బరువైనదో పాఠకులే ఆలోచింపవలెను.

క్లౌ దొరగారు మునుపు భూముల కొలత పని చేసినవారు గనుక, బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనిరి. ధర్మము పెట్టలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చిరి. సంఘ బోధకులే మేస్త్రీలైరి. మధ్యాహ్నము జనులు అలసి కూర్చుండగా వారి మధ్య కూర్చుండి సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. అన్నము కొరకు క్రీస్తును ఒప్పుకొనిరన్న మాట రాకూడదని సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యక ఆగిరి. సంఖ్య కొరకు ఆశపడు కాపరికి ఇది ఎంత కష్టమో నాకు తెలియును. జనులను ఆగనిచ్చుట కూడ కాపరి పనియే.

1878 జూన్‌లో జనులు వెల్లంపల్లికి గుంపులుగా వచ్చిరి. ఇక కూలి లేదు, సహాయము లేదు, ఇండ్లకు వెళ్లుడని దొరగారు చెప్పిరి. వారు వెళ్లలేదు. అప్పుడు ప్రతి బోధకుడును తన గ్రామములవారిని వేరుగా కూర్చుండబెట్టి విచారించెను. కొందరిని ఇంకను ఆగుమని పంపివేసిరి. జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. ఆ యేడాది ముగియునప్పటికి లెక్క 9,606కు చేరెను.

వీరికందరికి బోధకులు ఎక్కడ దొరకుదురు? 1872లో రామాపట్టణములో పెట్టిన వేదపాఠశాలనుండి కొందరు వచ్చిరి గాని, అన్ని పల్లెలకు చాలలేదు. చాల చోట్ల క్రొత్త విశ్వాసికి తోడున్నది ఆ మూడు కట్టడలే.

జూలై 3 బుధవారము. తడిబట్టలు ఆరినవెనుక వారు తమ తమ ఊళ్లకు నడచిపోయిరి. అక్కడ ఆ ఆసామియే, ఆ పొలమే, గోడకు వ్రేలాడు ఆ డప్పే. నాలుగు దినములకు ఆదివారము వచ్చెను.