స్మారక నాణెం: ఏది చలామణికి, ఏది సేకరణకు?

అండమాన్‌లోని సెల్యులార్ జైలు భారత ప్రభుత్వ నాణేలపై రెండు భిన్న సందర్భాల్లో కనిపిస్తుంది. మొదటిది 1997లో వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి నాణెం. రెండవది 2018లో వెలువడిన 75 రూపాయల నాణెం. రెండూ స్మారక నాణేలే అయినప్పటికీ, వాటి వర్గాలు వేరు.

1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. ఆ ఘట్టానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా 2018 డిసెంబరు 30న ప్రధాని నరేంద్ర మోదీ అదే నగరంలో 75 రూపాయల నాణేన్ని విడుదల చేశారు. సెల్యులార్ జైలు నేపథ్యంలో నేతాజీ పతాకానికి వందనం చేస్తున్న దృశ్యం దానిపై ఉంది. 35 గ్రాముల ఈ నాణెంలో వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్, జింకు చెరి 5 శాతం. అంటే వెండి బరువు 17.5 గ్రాములు.

చట్టం ఏమంటోంది?

ఏదైనా ప్రత్యేక సందర్భానికి గుర్తుగా ముద్రించి, విలువను భారత కరెన్సీలో తెలిపిన నాణేన్ని 2011 నాటి నాణేల చట్టం స్మారక నాణెంగా నిర్వచించింది. ఈ నిర్వచనంలో చలామణి ప్రస్తావన లేదు. అందువల్ల సంతలో చేతులు మారిన రూపాయి, పెట్టెలో భద్రపరిచే 75 రూపాయలు ఒకే పేరుతో పిలవబడుతున్నాయి.

గుర్తించే విధానం

మొదటి ఆధారం ముఖవిలువ. దేశంలో చలామణికి జారీ అవుతున్న నాణేల్లో అత్యధిక విలువ 20 రూపాయలు. 75, 100, 125 వంటి విలువలు గల నాణేలు సేకరణకు ఉద్దేశించినవి. రెండవ ఆధారం లోహం. నేటి చలామణి నాణేల్లో వెండి ఉండదు. మూడవది పంపిణీ మార్గం. చలామణి నాణేలను రిజర్వు బ్యాంకు ముఖవిలువకే పంపిణీ చేస్తుంది. సేకరణ నాణేలను ప్రభుత్వ టంకశాలలు అంతకు మించిన ధరకు విక్రయిస్తాయి.

ప్యాకింగును బట్టి మాత్రం వర్గాన్ని నిర్ణయించరాదు. యూరో నాణేలే ఇందుకు నిదర్శనం. వాటికన్, మొనాకో వంటి చిన్న రాజ్యాల 2 యూరోల స్మారక నాణేలు ఎక్కువగా సేకర్తల చేతికే చేరినా, అవి చలామణి వర్గానికే చెంది యూరో ప్రాంతమంతటా చెల్లుతాయి. సేకరణ నాణేలు జారీ చేసిన దేశంలోనే చెల్లుతాయి. చలామణి నాణేలకు లేని ముఖవిలువ వాటికి ఉండాలన్నది 2012 నాటి ఐరోపా సమాఖ్య నిబంధన.

కొనేవారికి ఎందుకు ముఖ్యం?

వర్గం తెలియనివారు చలామణిలో ఉన్న మామూలు స్మారక రూపాయిని అరుదైనదిగా భావించి అధిక ధర చెల్లించే ప్రమాదం ఉంది. పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాలకు తన పేరును వాడుకుంటున్న మోసగాళ్ల పట్ల అప్రమత్తంగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అటువంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, వాటిపై ఎలాంటి రుసుము వసూలు చేయనని స్పష్టం చేసింది.